గేరు ఎవరు మార్చాలి? అమెరికా కారులో మాన్యువల్, ఆటోమేటిక్

ఇంజిను పరిమితి, గేరు అవసరం

పెట్రోలుతో నడిచే ఇంజినుకు పుట్టుకతోనే ఒక పరిమితి ఉంది: నిలిచి ఉన్న స్థితి నుంచి అది బలం పుట్టించలేదు. ఆవిరి యంత్రం సిలిండరులోకి ఆవిరి వదలగానే సున్నా వేగం నుంచే ఇరుసును నెట్టగలదు. విద్యుత్ మోటారు కరెంటు అందిన క్షణంలోనే బలంగా తిప్పగలదు. సిలిండరులో ఇంధనం మండి పిస్టనును తోస్తే తప్ప పనిచేయని అంతర్దహన యంత్రం మాత్రం నిమిషానికి కొన్ని వందల చుట్ల కంటే తక్కువ వేగంలో తనను తాను నడుపుకోలేక ఆగిపోతుంది. మామూలు కారు ఇంజిను 6,000, 7,000 చుట్లు దాటితే దాని భాగాలు ఆ వేగాన్ని తట్టుకోలేవు. ఈ రెండు హద్దుల మధ్య కూడా ఇరుసును తిప్పే బలం, అంటే టార్క్, అన్ని చోట్లా ఒకేలా ఉండదు.

చక్రం అవసరాలు ఇందుకు పూర్తిగా భిన్నమైనవి. సాధారణ కారు చక్రం ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు రెండు మీటర్లు సాగుతుందనుకుంటే, పార్కింగు స్థలంలో గంటకు 5 మైళ్ల వేగంతో కదిలే కారు చక్రం నిమిషానికి 67 చుట్లు మాత్రమే తిరుగుతుంది. అదే కారు హైవే మీద 60 మైళ్ల వేగం అందుకున్నప్పుడు చక్రం 800 చుట్లు తిరుగుతుంది. మొదటి సందర్భంలో ఇంజిను 1,000 చుట్ల దగ్గర ఉండాలంటే ఇంజినుకూ చక్రానికీ మధ్య 15కు 1 నిష్పత్తి కావాలి. రెండో సందర్భంలో ఇంజిను 2,000 చుట్ల దగ్గర నింపాదిగా నడవాలంటే రెండున్నరకు 1 సరిపోతుంది. చిన్న పళ్లచక్రం పెద్ద పళ్లచక్రాన్ని తిప్పినప్పుడు వేగం తగ్గి ఆ మేరకు టార్క్ పెరుగుతుంది కనుక, బండిని కదిలించడానికి ఎక్కువ నిష్పత్తి, పరుగెత్తించడానికి తక్కువ నిష్పత్తి ఇచ్చే ఒక అమరిక మధ్యలో తప్పనిసరి అవుతుంది. దాన్నే గేరుపెట్టె అంటారు. అది, దానికి తోడైన క్లచ్ లాంటి భాగాలు కలిసి ట్రాన్స్‌మిషన్ అవుతాయి.

మాన్యువల్, ఆటోమేటిక్ అనే రెండు మార్గాలూ ఈ ఒక్క సమస్యకే సమాధానాలు. నిష్పత్తి ఎప్పుడు మార్చాలో నిర్ణయించి మార్చే పని ఒకదానిలో మనిషిది, రెండోదానిలో యంత్రానిది. ఆ పనిని ఎవరికి అప్పగించాలన్న ప్రశ్నకు ప్రపంచంలో అందరికంటే ముందుగా, అందరికంటే పెద్ద సంఖ్యలో యంత్రం వైపు మొగ్గినవారు అమెరికన్లు. అలా మొగ్గడానికి వారికి బలమైన కారణాలే ఉన్నాయి.

చేతితో మార్చే గేరు

మాన్యువల్ కారులో ఇంజిను వెనుక భాగాన బరువైన ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది. క్లచ్ పలకను బలమైన స్ప్రింగు దానికి అదిమి పెడుతుంది. ఘర్షణ వల్ల రెండూ ఒక్కటై తిరుగుతాయి. ఎడమ కాలితో పెడల్ నొక్కినప్పుడు పలక విడివడి, ఇంజిను తిరుగుతున్నా గేరుపెట్టెకు బలం అందదు. పెడల్‌ను మెల్లగా వదులుతూ పలకను కొంత జారనిచ్చినప్పుడు, నిలిచి ఉన్న చక్రానికీ తిరుగుతున్న ఇంజినుకూ మధ్య ఉన్న వేగపు తేడా ఆ జారుడులో సర్దుకుంటుంది. తెలుగునాట డ్రైవింగు నేర్పేవారు హాఫ్ క్లచ్ అని పిలిచే స్థితి ఇదే. ఇంజిను ఆగకుండా, బండి కుదుపు లేకుండా కదలడం ఈ కొద్ది క్షణాల నేర్పు మీద ఆధారపడుతుంది.

కదులుతున్న బండిలో గేరు మార్చడం తొలినాళ్లలో ఇంతకంటే కష్టంగా ఉండేది. వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు చక్రాల పళ్లను ఒకదానిలోకి ఒకటి నెట్టవలసి రావడంతో, డ్రైవరు రెండుసార్లు క్లచ్ నొక్కి, మధ్యలో ఇంజిను వేగాన్ని ఊహతో సరిచేసి, అప్పుడు లీవరు జరిపేవాడు. ఊహ తప్పితే పళ్లు కరకరమని రాసుకునేవి. ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన సింక్రోమెష్‌ను క్యాడిలాక్ సంస్థ 1928లో ప్రవేశపెట్టడంతో ఈ ఇబ్బంది తగ్గింది. పళ్లు కలవడానికి ముందే శంకువు ఆకారపు ఘర్షణ వలయాలు ఒకదాన్నొకటి తాకి రెండు భాగాల వేగాలను సమం చేస్తాయి. సమమయ్యాకే పళ్లు కలుస్తాయి. నేటి మాన్యువల్ కార్లన్నిటిలో ఉన్నది ఈ సూత్రమే.

గేరు మార్పు కష్టాన్ని మొదటే గుర్తించినవాడు హెన్రీ ఫోర్డ్. 1908 నుంచి 1927 వరకు కోటిన్నర దాకా తయారైన మోడల్ టి కారులో పక్కకు జరిపే పళ్లచక్రాలు లేవు. రెండు వేగాల గ్రహచక్ర అమరికను (దాని వివరం కింద వస్తుంది) పెడళ్లతో నియంత్రించేవారు. అంటే లక్షలాది అమెరికన్ కుటుంబాలు కారు నడపడం నేర్చుకున్నది లీవరుతో కుస్తీ లేని బండి మీదే. చదువు, వయసు, బలంతో నిమిత్తం లేకుండా ఎవరైనా నడపగల కారు కావాలన్న ఆశ ఆ దేశంలో అప్పటికే వేళ్లూనింది.

నూనెతో కలిసే రెండు చక్రాలు

గేరును యంత్రమే మార్చాలంటే రెండు పనులు జరగాలి: బండి ఆగినప్పుడు ఇంజిను ఆగకుండా దాన్ని చక్రాల నుంచి విడదీయగల క్లచ్ ఒకటి కావాలి; నడుస్తున్నప్పుడు బలం తెగిపోకుండా నిష్పత్తి మార్చగల పళ్లచక్రాలు కావాలి. మొదటి పనికి మార్గం చూపినవాడు హెర్మన్ ఫోటింగర్ అనే జర్మన్ ఇంజనీరు. ఓడల్లో ఆవిరి టర్బైను వేగాన్ని ప్రొపెల్లరుకు తగినట్టు తగ్గించే ప్రయత్నంలో ఆయన 1905లో నూనె ద్వారా బలాన్ని అందించే యంత్రానికి పేటెంటు పొందాడు. కుండలో మజ్జిగను ఒక కవ్వంతో చిలికితే లేచే సుడిలో మరో కవ్వాన్ని వదులుగా ఉంచినప్పుడు అదీ తిరిగినట్టే, నూనె నిండిన మూసిన గిన్నెలో ఇంజిను తిప్పే రెక్కల చక్రం నూనెను సుడి తిప్పగా, ఎదురుగా ఉన్న రెండో రెక్కల చక్రం ఆ సుడికి లోబడి తిరుగుతుంది. రెండింటి మధ్యా లోహపు బంధం లేదు కనుక, బ్రేకు వేసి చక్రాలను ఆపినా ఇంజిను నిశ్చింతగా తిరుగుతూనే ఉంటుంది.

రెండో పనికి గ్రహచక్ర అమరిక పనికివచ్చింది. నడుమ సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే గ్రహచక్రాలు, వాటిని మోసే చట్రం, వీటన్నిటినీ చుట్టి లోపలివైపు పళ్లున్న వలయం ఇందులో ఉంటాయి. సూర్యచక్రం, చట్రం, వలయం అనే మూడింటిలో ఒకదాన్ని కదలకుండా బిగించి, మరొకదాన్ని ఇంజినుతో తిప్పితే మూడోది వేరే వేగంతో తిరుగుతుంది. దేన్ని బిగించామన్న దాన్నిబట్టి నిష్పత్తి మారుతుంది, కొన్ని కూర్పుల్లో తిరిగే దిశ కూడా మారి రివర్స్ గేరు అవుతుంది. పళ్లు ఎప్పుడూ కలిసే ఉంటాయి, బిగించే పట్టీలు, చిన్న క్లచ్‌లు మాత్రమే మారుతాయి కనుక మార్పు మెత్తగా సాగుతుంది.

సింక్రోమెష్‌ను ఇచ్చిన ఎర్ల్ థాంప్సనే ఈ రెండింటినీ జోడించే జనరల్ మోటార్స్ బృందానికి నాయకత్వం వహించాడు. ఆ కృషి ఫలితంగా 1939 చివర ప్రకటించిన 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లలో హైడ్రమాటిక్ అనే నాలుగు వేగాల ట్రాన్స్‌మిషన్ 57 డాలర్ల అదనపు ధరకు లభించింది; పెద్ద సంఖ్యలో తయారై జనానికి అందిన తొలి సంపూర్ణ ఆటోమేటిక్ ఇదే. ఇందులో కంప్యూటరు లేదు. బండి వేగాన్నిబట్టి బరువులు బయటికి జరిగే గవర్నరు ఒక నూనె ఒత్తిడిని కలిగిస్తే, యాక్సిలరేటరుతో ముడిపడిన కవాటం మరో ఒత్తిడిని కలిగించేది. ఈ రెండు ఒత్తిళ్ల పోటీలో వేగం నెగ్గితే పై గేరు, పెడల్ నెగ్గితే కింది గేరు పడేవి. అనుభవజ్ఞుడైన డ్రైవరు ఇంజిను చప్పుడు విని తీసుకునే నిర్ణయాన్ని నూనె, స్ప్రింగు, కవాటం కలిసి తీసుకునేలా చేయడం ఇరవయ్యో శతాబ్దపు ఇంజనీరింగులో గౌరవించదగిన విజయాల్లో ఒకటి.

తరువాతి అడుగు టార్క్ కన్వర్టరు. ఎదురెదురు రెక్కల చక్రాల మధ్య స్టేటరు అనే మూడో చక్రాన్ని ఉంచితే, వెనక్కి తిరిగి వచ్చే నూనె దారిని అది మళ్లించి మొదటి చక్రానికి సాయపడేలా చేస్తుంది; దానివల్ల బండి కదిలే వేళ ఇంజిను టార్క్ రెండింతల దాకా పెరిగి అందుతుంది. 1948లో బ్యూయిక్ డైనాఫ్లో, 1950లో షెవర్లే పవర్‌గ్లైడ్ ఈ పద్ధతిని ఇళ్లకు చేర్చాయి. 1956లో వచ్చిన క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్, హోవర్డ్ సింప్సన్ రూపొందించిన జంట గ్రహచక్రాల కూర్పును టార్క్ కన్వర్టరుతో కలిపి, తరువాతి దశాబ్దాల మూడు వేగాల ఆటోమేటిక్‌లకు నమూనాగా నిలిచింది.

అమెరికా ఎందుకు మొగ్గింది?

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు ఎమ్5 స్టూవర్ట్ తేలికపాటి ట్యాంకును రెండు క్యాడిలాక్ ఇంజిన్లు, రెండు హైడ్రమాటిక్‌లు నడిపాయి. యుద్ధరంగంలో తట్టుకున్న యంత్రం అన్న పేరు ఆ తరువాత దానికి ఎంతో కలిసివచ్చింది. అయితే ఆటోమేటిక్ సామాజిక విలువను చాటింది యుద్ధం ముగిశాక ఇళ్లకు చేరిన సైనికులు. కాళ్లు కోల్పోయినవారికి క్లచ్ పెడల్ ఒక మూసిన తలుపు. 1946 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం కాలు కోల్పోయిన మాజీ సైనికులకు కారు కోసం 1,600 డాలర్ల దాకా సాయం అందించే చట్టం చేసింది. చేతితో నొక్కే బ్రేకు, యాక్సిలరేటరు అమర్చిన ఆటోమేటిక్ కార్లు వారిని మళ్లీ రోడ్డెక్కించాయి. ఆటోమేటిక్ సోమరుల కోసం పుట్టిన సౌకర్యం అనే మాట ఈ ఒక్క సంగతి ముందు నిలవదు.

మిగిలిన కారణాలు ఆర్థికమైనవి, భౌగోళికమైనవి. టార్క్ కన్వర్టరులో నూనె జారుడు వల్ల కొంత శక్తి వేడిగా వృథా అయ్యేది. పెద్ద వి8 ఇంజిన్లు, చవకైన పెట్రోలు ఉన్న అమెరికాలో ఆ నష్టం ఎవరికీ పట్టలేదు. ఇంధనం మీద భారీ పన్నులు, చిన్న ఇంజిన్లు ఉన్న ఐరోపాలో అదే నష్టం కొట్టొచ్చినట్టు కనిపించి, అక్కడ మాన్యువల్ దశాబ్దాల పాటు నిలిచింది. నగరాల చుట్టూ శివారు కాలనీలు పెరిగి, ఇంటిలోని పెద్దలంతా రోజూ కారు నడపవలసి రావడం ఆటోమేటిక్‌కు మరింత ఊతమిచ్చింది. పోటీ సంస్థ ఫోర్డ్‌కు చెందిన లింకన్ 1949లో హైడ్రమాటిక్‌నే కొని వాడుకుంది. బ్రిటన్‌లోని రోల్స్ రాయిస్ కూడా ఆ బాటే పట్టింది. 1953లో పుట్టిన షెవర్లే కార్వెట్ స్పోర్ట్స్ కారు సైతం మొదట రెండు వేగాల పవర్‌గ్లైడ్‌తోనే వచ్చింది. మాన్యువల్ దానికి 1955లో చేరింది. 1950ల చివరికి అమెరికాలో అమ్ముడయ్యే కొత్త కార్లలో అధిక భాగం ఆటోమేటిక్‌లే.

మాన్యువల్ వైపు వాదనలు: నాడు, నేడు

అయినా మాన్యువల్ చాలాకాలం మూడు గట్టి వాదనలతో నిలబడింది: తక్కువ పెట్రోలు, తక్కువ ధర, ఎక్కువ వేగం. 1973 చమురు సంక్షోభం మొదటి వాదనకు కొత్త బలం ఇచ్చింది. 1975లో చేసిన చట్టం ప్రకారం 1978 నమూనాల నుంచి కార్ల సగటు మైలేజీకి ప్రభుత్వం ప్రమాణాలు విధించింది. ఆనాటి మూడు వేగాల ఆటోమేటిక్ కంటే నాలుగు, ఐదు వేగాల మాన్యువల్ స్పష్టంగా పొదుపుగా ఉండేది కనుక, 1980లో అమెరికా మార్కెట్టు కోసం తయారైన కొత్త వాహనాల్లో దాదాపు మూడో వంతు మాన్యువల్‌వే అని పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్కలు చెబుతాయి.

అయితే అదే చట్టం ఆటోమేటిక్ ఇంజనీర్లను కూడా పనిలోకి దింపింది. బండి నిలకడగా నడుస్తున్నప్పుడు టార్క్ కన్వర్టరు రెండు చక్రాలను లోహంతో బిగించి జారుడును అరికట్టే లాకప్ క్లచ్ సర్వసాధారణమైంది. గవర్నరు స్థానాన్ని కంప్యూటరు ఆక్రమించి, రోడ్డు వాలు, బరువు, పెడల్ తీరు గమనించి గేరు ఎంచుకోవడం నేర్చుకుంది. గేర్ల సంఖ్య మూడు నుంచి నాలుగు, ఆరు, ఎనిమిదికి పెరిగి, ఫోర్డ్, జనరల్ మోటార్స్ కలిసి రూపొందించిన అమరికలో పదికి చేరింది. గేర్లు దగ్గర దగ్గరగా ఉండడంతో ఇంజిను తనకు అనువైన వేగంలోనే ఎక్కువసేపు ఉండగలుగుతుంది. గేర్లే లేకుండా రెండు కప్పీల వ్యాసాలను మారుస్తూ లోహపు బెల్టుతో బలాన్ని అందించే సివిటి చిన్న కార్లలో మైలేజీని ఇంకా పెంచింది. జంట క్లచ్‌ల పద్ధతిలో బేసి గేర్లను ఒక క్లచ్, సరి గేర్లను మరో క్లచ్ మోస్తూ, రాబోయే గేరును ముందే సిద్ధంగా ఉంచుతాయి. అలాంటి మార్పు జరిగే వేగాన్ని మనిషి చెయ్యి అందుకోలేదు.

ఫలితంగా మూడు వాదనల్లో రెండు పూర్తిగా తారుమారయ్యాయి. నేడు ఒకే కారులో రెండు రకాలూ దొరికే చోట ఆటోమేటిక్ మైలేజీ మాన్యువల్‌తో సమానంగానో ఎక్కువగానో ఉండడం పరిపాటి. వేగం విషయంలో తీర్పు ఇంకా స్పష్టంగా ఉంది: 2020 నమూనా కార్వెట్ జంట క్లచ్‌ల ట్రాన్స్‌మిషన్‌తో మాత్రమే వచ్చింది, మాన్యువల్‌కు అందులో చోటు దక్కలేదు. ధర వాదన కూడా సన్నగిల్లింది, ఎందుకంటే అమెరికాలో చవక కార్లు ఒకటొకటిగా మాన్యువల్‌ను వదిలేయగా, అది ఇప్పుడు ఎక్కువగా డ్రైవింగు ప్రియుల బండ్లలోనే మిగిలింది. మాజ్డా మియాటా, హోండా సివిక్ టైప్ ఆర్, సుబారు డబ్ల్యుఆర్ఎక్స్, ఫోర్డ్ మస్టాంగ్, టయోటా జిఆర్ కొరోలా, క్యాడిలాక్ బ్లాక్‌వింగ్ లాంటివి ఆ కోవలోవి. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జిటిఐకి అమెరికాలో 2024 నమూనాయే చివరి మాన్యువల్. 2020ల నాటికి కొత్త వాహనాల్లో మాన్యువల్ వాటా నూటికి ఒకటి దరిదాపుల్లోకి పడిపోయింది.

మరమ్మతుల విషయంలో మాత్రం మాన్యువల్‌కు ఇంకా కొంత మొగ్గు ఉంది. దాని నిర్మాణం సరళం. అరిగేది ప్రధానంగా క్లచ్ పలక, దాన్ని మార్చడం ఖరీదైన పనే అయినా ఆటోమేటిక్ మొత్తాన్ని విప్పి బాగుచేయించడానికయ్యే వేల డాలర్ల ఖర్చుతో పోలిస్తే తక్కువ. బ్యాటరీ చచ్చిన మాన్యువల్ కారును తోసి స్టార్టు చేయవచ్చు. మామూలు ఆటోమేటిక్‌లో ఆ వీలు లేదు, ఎందుకంటే దాని క్లచ్‌లను బిగించే నూనె పంపును నడిపేది ఇంజినే, ఇంజిను తిరగనిదే ఒత్తిడి పుట్టదు. ఇంజిను నడిపే చక్రాలు నేలను తాకుతుండగా ఆటోమేటిక్ కారును దూరం లాక్కుపోతే నూనె అందక లోపలి భాగాలు పాడయ్యేదీ ఈ కారణంగానే.

భద్రత లెక్కలు

క్లచ్ పెడల్ లేకపోవడం వల్ల సులువుతో పాటు కొత్త ప్రమాదాలూ వచ్చాయి. తొలితరం ఆటోమేటిక్‌లలో లీవరు స్థానాల వరుస సంస్థకొక తీరుగా ఉండేది. కొన్నిటిలో పార్క్, న్యూట్రల్, డ్రైవ్, లో, రివర్స్ అన్న క్రమంలో ముందుకు నడిపే గేరు పక్కనే వెనక్కి నడిపే గేరు ఉండేది. రాల్ఫ్ నాదర్ 1965లో ప్రచురించిన పుస్తకం ఈ అయోమయాన్ని కూడా ఎత్తిచూపింది. 1968 జనవరి నుంచి అమలైన ఫెడరల్ భద్రతా ప్రమాణం 102 ముందుకు, వెనక్కి నడిపే స్థానాల మధ్య న్యూట్రల్ ఉండాలని, గేరులో ఉండగా ఇంజిను స్టార్టు కాకూడదని శాసించింది. నేడు ఏ ఆటోమేటిక్ కారులోనైనా పార్క్, రివర్స్, న్యూట్రల్, డ్రైవ్ అన్న వరుస కనిపించడానికి మూలం ఇక్కడుంది.

1980లలో కార్లు ఉన్నట్టుండి దూసుకుపోతున్నాయన్న ఫిర్యాదులు దేశాన్ని కలవరపెట్టాయి. 1989లో వెలువడిన ఫెడరల్ రహదారి భద్రతా సంస్థ అధ్యయనం, అలాంటి ఘటనల్లో అధిక భాగానికి బ్రేకు అనుకుని యాక్సిలరేటరు నొక్కడమే కారణమని తేల్చింది. మాన్యువల్ కారులో క్లచ్ నొక్కగానే ఇంజినుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. ఆటోమేటిక్‌లో ఆ రెండో అడ్డు లేదు. దానికి విరుగుడుగా బ్రేకు నొక్కితే తప్ప పార్క్ నుంచి లీవరు కదలని ఏర్పాటు వ్యాపించింది; 2010 సెప్టెంబరు నుంచి తయారయ్యే కొత్త తేలికపాటి వాహనాల్లో దాన్ని చట్టం తప్పనిసరి చేసింది.

మాన్యువల్ నడిపేవారు ఎక్కువ అప్రమత్తంగా ఉంటారన్న నమ్మకం కూడా ఉంది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో డేనియల్ కాక్స్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో, ఏకాగ్రత లోపం ఉన్న కౌమార బాలురు డ్రైవింగు సిమ్యులేటరులో మాన్యువల్‌తో మెరుగ్గా నడిపారు. అయితే అది కొద్దిమందితో జరిగిన ప్రాథమిక పరీక్ష; దాన్ని అందరు డ్రైవర్లకూ అన్వయించడం శాస్త్రం ఒప్పని దూకుడు. క్లచ్, గేరు భారం తొలగినందువల్ల కొత్త డ్రైవరుకు రోడ్డును చూసే తీరిక పెరుగుతుందన్నదీ అంతే సమంజసమైన ఆలోచన.

కొండదారులు రెండు రకాలకూ పరీక్షలే. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిల్బర్ట్ వీధిలోని ఒక భాగం 31.5 శాతం వాలుతో ఉంటుంది. అలాంటి ఎత్తులో ఆగి కదలడానికి మాన్యువల్ డ్రైవరుకు హ్యాండ్‌బ్రేకు, హాఫ్ క్లచ్ కలిపి వాడే నేర్పు కావాలి, అయితే చాలా కొత్త మాన్యువల్ కార్లలో బండి వెనక్కి జారకుండా కొద్ది క్షణాలు బ్రేకు పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. దిగుడులో సమస్య వేరు. కొలరాడోలో సుమారు 11,000 అడుగుల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం నుంచి దిగేటప్పుడు బ్రేకులనే నమ్ముకుంటే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. పైక్స్ పీక్ శిఖరం నుంచి దిగే కార్ల బ్రేకుల వేడిని దారిలో సిబ్బంది పరీక్షించేది అందుకే. కింది గేరులో దిగితే ఇంజినే బండి వేగానికి కళ్లెం వేస్తుంది. ఆటోమేటిక్‌లో లో గేరు స్థానం, స్టీరింగు వెనుక మీటలు ఇచ్చేదీ ఈ సౌకర్యమే. వాటి సంగతి తెలియకుండా ఏళ్ల తరబడి డ్రైవ్‌లోనే నడిపేవారు ఈ ఒక్క అలవాటు చేసుకోవడం ప్రాణరక్షణ.

తెలుగు కుటుంబం ముందున్న ఎంపిక

హైదరాబాదులోనో విజయవాడలోనో డ్రైవింగు నేర్చుకున్న తరాలకు గేరు బండే కారు. అక్కడి డ్రైవింగు స్కూళ్లు చిన్న మాన్యువల్ కార్ల మీదే నేర్పుతూ వచ్చాయి. 2014లో మారుతి సుజుకి సెలెరియోతో చవకైన ఆటోమేటెడ్ మాన్యువల్, అంటే క్లచ్, గేరు మార్పులను మోటార్లకు అప్పగించిన మామూలు గేరుపెట్టె, ప్రవేశించాకే ఆటోమేటిక్ మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. ఆ అలవాటుతో టెక్సస్‌లోని ఇర్వింగ్‌కో న్యూజెర్సీలోని ఎడిసన్‌కో చేరిన విద్యార్థి, ఇంజనీరు, వారి జీవిత భాగస్వామి మొదట ఎదుర్కొనేది శరీరం మరచిపోలేని పాఠాలను. పెడళ్ల క్రమం రెండు దేశాల్లోనూ ఒకటే, కానీ డ్రైవరు సీటు ఎడమకు మారడంతో మాన్యువల్ కారులో గేరు లీవరు కుడి చేతికి వస్తుంది. ఆటోమేటిక్‌లో ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి వెడల్పైన బ్రేకు పెడల్‌ను బలంగా తొక్కేస్తే కారు ఒక్కసారిగా ఆగి, వెనుక వచ్చేవారికి ప్రమాదం అవుతుంది. ఎడమ పాదాన్ని నేల మీద అందుకోసమే ఉన్న దిమ్మె మీద ఆనించి, కుడి పాదంతోనే రెండు పెడళ్లనూ వాడడం అలవాటయ్యేదాకా ఖాళీ పార్కింగు స్థలాల్లో సాధన చేయడం మేలు.

లైసెన్సు వ్యవస్థ ఈ ఎంపికకు అడ్డు రాదు. బ్రిటన్‌లో ఆటోమేటిక్ మీద పరీక్ష నెగ్గినవారు మాన్యువల్ నడపడానికి వీల్లేదు. అమెరికా రాష్ట్రాల మామూలు లైసెన్సులో సాధారణంగా ఆ తేడా లేదు. భారీ వాణిజ్య వాహనాల లైసెన్సులో మాత్రం ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చినవారికి మాన్యువల్ నడపకూడదన్న పరిమితి వర్తిస్తుంది. చట్టం అనుమతిస్తుంది కదా అని క్లచ్ తెలియనివారు మాన్యువల్ కారుతో హైవే ఎక్కడం మాత్రం తెలివైన పని కాదు.

కారు ఎంచుకునే కుటుంబం ముందుగా ఆలోచించవలసింది ఆ బండిని ఇంట్లో ఎవరెవరు నడపాలన్నది. ఒకే కారుతో ఇద్దరు ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, రాత్రివేళ ఒకరు మరొకరిని ఆస్పత్రికి తీసుకెళ్లవలసి వచ్చే ఇంట్లో, డ్రైవింగు నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంట్లో అందరూ నడపగలిగే బండే ఉపయోగపడుతుంది. రెండోది రోజువారీ దారి: కాలిఫోర్నియా బే ఏరియా రద్దీలో గంటసేపు క్లచ్ తొక్కడం మోకాలికి, ఓపికకు భారం, ఊరి బయట ఖాళీ రోడ్ల మీద ఆ భారం ఉండదు. మూడోది అమ్మేటప్పటి మాట: మాన్యువల్ కొనేవారు తక్కువ కనుక మామూలు కుటుంబ కారు త్వరగా అమ్ముడుపోకపోవచ్చు, స్పోర్ట్స్ కారైతే అదే మాన్యువల్ ధరను పెంచవచ్చు.

విద్యార్థులు ఎక్కువగా కొనే పాత కార్ల విషయంలో ట్రాన్స్‌మిషన్ పరిశీలన తప్పనిసరి. ఆటోమేటిక్‌లో డ్రైవ్‌కో రివర్స్‌కో మార్చాక గేరు పడడానికి జాప్యం జరిగినా, మార్పుల్లో కుదుపు ఉన్నా, నూనె నల్లబడి మాడు వాసన వచ్చినా లోపల అరుగుదల ఉందని అర్థం. సివిటి ఉన్న కారైతే తగిన సమయాల్లో నూనె మార్చినట్టు కాగితాలు అడగాలి. మాన్యువల్‌లో పై గేరులో యాక్సిలరేటరు గట్టిగా నొక్కినప్పుడు ఇంజిను చుట్లు పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ పలక జారుతోందని, ఏదైనా గేరులోకి మార్చేటప్పుడు పళ్లు రాసుకునే చప్పుడు వస్తే ఆ గేరు సింక్రోమెష్ అరిగిందని గ్రహించవచ్చు. రెండింటిలో ఏది కొన్నా, వాలులో నిలిపేటప్పుడు పార్కింగు బ్రేకు వేయడం మరవకూడదు. ఆటోమేటిక్‌లో పార్క్ స్థానం ఒక చిన్న లోహపు కొక్కెంతో ఇరుసును పట్టి ఉంచుతుంది, కారు బరువంతా దాని మీదే వదిలేయడం దానికి మంచిది కాదు.

గేరుపెట్టె తరువాత

మొదట చెప్పుకున్న ఇంజిను పరిమితి విద్యుత్ కారులో లేదు. మోటారు సున్నా వేగం నుంచే టార్క్ ఇస్తుంది, నిమిషానికి పదివేల చుట్లకు పైబడి తిరగగలదు. అందుకే చాలా విద్యుత్ కార్లలో మార్చవలసిన గేర్లే ఉండవు, ఒక స్థిర నిష్పత్తి చాలు. టెస్లా తన తొలి రోడ్‌స్టర్ కోసం మొదట రెండు వేగాల గేరుపెట్టెను ప్రయత్నించి, అది మన్నిక చూపకపోవడంతో ఒకే వేగానికి మారింది. హ్యుందయ్ ఐయోనిక్ 5 ఎన్ లాంటి కార్లు లేని గేర్లు ఉన్నట్టు కుదుపును, చప్పుడును సృష్టిస్తున్నాయంటే, గేరు మార్చడంలో మనిషి పొందే ఆనందం నిజమైనదని తయారీదారులు కూడా ఒప్పుకుంటున్నారన్నమాట.

కనుక మాన్యువల్‌ను ఎంచుకోవడానికి నేడు మిగిలిన ప్రధాన కారణం ఆ ఆనందమే. యంత్రం ఎలా పనిచేస్తుందో చేతితో, కాలితో తెలుసుకోవాలన్న కోరిక గౌరవించదగినది, దానికి పొదుపు అన్న సాకు తోడుతెచ్చుకోనక్కరలేదు. ఆటోమేటిక్‌ను ఎంచుకున్నవారు తమ నైపుణ్యం ఏదో తగ్గిందని చిన్నబోవలసిన పనీ లేదు. ఒకప్పుడు బలం, సాధన, రెండు కాళ్లు ఉన్నవారికి మాత్రమే తెరిచి ఉన్న రోడ్డును వృద్ధులకు, వికలాంగులకు, పరాయి దేశంలో కొత్తగా చక్రం పట్టుకున్నవారికి తెరిచింది ఆ యంత్రం. ఒక సాంకేతికత విలువను అది ఎంతమందిని లోపలికి రానిచ్చిందన్న దాన్నిబట్టి కొలిస్తే, నూనెతో తిరిగే ఆ రెండు చక్రాల సాధన మోటారు వాహనాల చరిత్రలోని ఏ పందెపు విజయానికీ తీసిపోదు.